పలక పట్టిన జమ్ములమ్మ

పిల్లలతో పని చేయించడం లేదని చాటుకోవడానికి పత్తి విత్తనాల కంపెనీ ప్రతి చేను గట్టునా ఒక యంత్రపు కన్ను పెట్టింది. వయసు కనుక్కునే తెలివి దానికి లేదు. ఎత్తు కొలిచి సరిపెట్టుకుంటుంది.

ఆ పొద్దున కూలికొచ్చిన పొట్టి జమ్ములమ్మను చూసి, "పాపా, బడికి వెళ్లు" అంది.

"నీ కండ్లల్ల మన్నువడ! నాకు నలభై ఏండ్లు."

బడికి పోతూ తల్లికి సద్ది ఇవ్వడానికి వచ్చిన పదకొండేళ్ల కూతురు తండ్రిలా పొడగరి. ఆ పిల్లను చూసి కన్ను ఆకుపచ్చగా వెలిగింది.

"మిషన్ జెప్పినంక నేనేం జేస్త? పూలు ఆగయి, పొద్దెక్కకముందే పుప్పొడి అద్దాలె, పిల్లను చేన్లకు దించు" అన్నాడు కూలీలను చూసే ఆర్గనైజర్.

బాలకార్మికురాలిని కాపాడి బడిలో చేర్చామని సాయంత్రానికి కంపెనీ గొప్పగా ప్రకటించింది. ఫొటోలో కొత్త పలక పట్టుకుని, జమ్ములమ్మ కూతురి చోట్లో కూర్చుని ఉంది.