పదకొండో నంబరు

ఉమేశ్ కప్పు చాపి, ఇంకాస్త కాఫీ పోయమన్నాడు.

బల్ల దగ్గర నిలబడ్డ ముసలావిడ పోసింది. పోసి, అచ్చ తెలుగులో మెల్లగా అంది.

"ఏడో నంబరు జోలికి పోకు బాబూ. పదకొండు తీసుకో."

ఉమేశ్ తెల్లబోయాడు. జర్మనీలో బ్యోబ్లింగెన్ పక్కన ఈ మూతబడ్డ అల్లిక మిల్లులో, కాఫీ పోసే మనిషి తెలుగు మాట్లాడుతుందని ఎవరనుకుంటారు?

మిల్లు గోడౌను ఖాళీ చేస్తుంటే దొరికిన పెట్టెలో, గ్రీజు పూసిన పద్నాలుగు పాత సైనిక రైఫిళ్ళున్నాయి. పోలీసులు పరీక్షించి సరేనన్నాక ఈరోజు వేలం.

పాత తుపాకులు సేకరించే పర్మిట్ కోసం ఉమేశ్ మూడేళ్ళు ఆఫీసుల్లో అపాయింట్‌మెంట్ల వెంట తిరిగాడు. జర్మన్‌లో పరీక్ష రాశాడు. ఆ పర్మిట్ చేతికొచ్చాక ఇదే మొదటి వేలం. కొనగలిగేది ఒక్కటే.

ఏడో నంబరు నిగనిగలాడుతోంది. తలపండిన సేకర్తలంతా దాని చుట్టే మూగారు. పదకొండు తుప్పు మరకలతో చివర్న పడి ఉంది. దాన్ని పలకరించే దిక్కు లేదు.

"తుపాకుల సంగతి మీకేం తెలుసాంటీ?" అన్నాడు నవ్వాపుకుంటూ.

"తుపాకులు తెలీవు. కాకినాడలో చదివొచ్చి, ఇక్కడ ముప్పయ్యేళ్ళు ఎముకలు అతికించాను. అతికిందేదో వేలికి తెలుస్తుంది. నువ్వూ తడిమి చూడు."

మొహమాటానికి వెళ్ళాడు. ఏడో దాని మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబరున్న చోట బొటనవేలు పెట్టాడు. సన్నటి గుంట తగిలింది.

ఇంకో భాగం మీది నంబరు తడిమాడు. అక్కడా గుంటే.

పాత నంబర్లు అరగదీసి కొత్తవి కొట్టారు. ఏనాడో సైన్యపు మరమ్మతు షెడ్డులో, మూడు తుపాకుల ముక్కలు కలిపి ఒకటి చేశారు.

పదకొండు తీశాడు. తుప్పు మాటున, చిన్న మరమేకు దాకా ఒకటే నంబరు. ఎక్కడా గుంట లేదు. పుట్టిన నాటి ఒళ్ళు పుట్టినట్టే ఉంది.



వేలంలో ఏడో నంబరు కోసం ఇద్దరు లేచి నిలబడి పోటీపడ్డారు. పదకొండుకు మాత్రం ఉమేశ్ చెయ్యొక్కటే లేచింది.

సుత్తి పడ్డాక, ఒక గడ్డం పెద్దాయన ఊరికే చూద్దామని పదకొండును అందుకున్నాడు. భూతద్దం పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. మళ్ళీ చూశాడు. టోపీ తీసి ఉమేశ్ చెయ్యి పట్టుకున్నాడు.

నలభయ్యేళ్ళుగా వెతుకుతున్నా ఇంత నిఖార్సైనది తనకు దొరకలేదన్నాడు. హాలంతా మూగింది. మూడేళ్ళ తిరుగుడూ ఆ ఒక్క క్షణంలో చేతికొచ్చినట్టయింది ఉమేశ్‌కు.

ఆ ఊపులో కాఫీ బల్ల దగ్గరికి పరుగెత్తాడు. ఎవరూ లేరు. బయటికొచ్చి చూస్తే బస్సు మలుపు తిరిగిపోతోంది.

కాఫీ పోసినావిడ ఎవరని వేలం నడిపినతన్ని అడిగాడు.

అతను కాగితాలు సర్దుకుంటూ చెప్పాడు. డాక్టర్ కనకలత పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెప్పిందట. వేలు పెట్టి చూసింది ఉమేశ్ ఒక్కడేనట.

భర్త పోయాక ఈ మిల్లూ, ఆ పద్నాలుగు తుపాకులూ ఆవిడవేనట. ఏడో నంబరు ఎంత పలికితే అంతా ఆవిడకేనట.