గంబో వేలు

"మాలం గంబో! రెండో చెప్పు ఎవరికి దానం చేశావు?" పక్క కొట్టు అసబే పకపకా నవ్వింది.

గంబో కిందికి చూసుకున్నాడు. ఎడమ కాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడో జారిపోయింది. బుర్ర నిండా హజియా తలాటు కంప్యూటరే తిరుగుతుంటే కాళ్ళ సంగతి ఎవరికి పడుతుంది?

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని కానో బజారంతా మాలం, అంటే పంతులుగారు, అని పిలుస్తుంది. అక్కడ అతని వేలికీ పేరుంది. ప్రాసెసర్ మీది అల్యూమినియం దిమ్మెకు చూపుడువేలు ఆనించి లెక్కపెడతాడు. ఐదు అనేసరికి వేలు దానంతటదే వెనక్కి వస్తే మామూలు వేడి. రెండుకే వచ్చిందా, ప్రమాదం.

"తెర మీద అంకె అబద్ధమాడొచ్చు. వేలు ఆడదు" అంటాడు. ఇరవై ఏళ్ళుగా ఆడలేదు.

హజియా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె కార్ఖానాలో ఎంబ్రాయిడరీ మిషన్లన్నీ ఈ కంప్యూటరు చెప్పినట్టే కుడతాయి. వారం నుంచి అది పని మధ్యలో ఆగిపోతోంది.

"ఇవాళ తేల్చావా, నా కార్ఖానా రిపేర్లన్నీ నీవే. తేల్చలేదా, తెర చూసి చెప్పేవాళ్ళు వీధి పొడుగునా ఉన్నారు" అంది.

గంబో దుమ్ము దులిపాడు. ప్రాసెసర్‌కీ దిమ్మెకీ మధ్య వేడిని దాటించే పేస్ట్ ఎండిపోతే, గీకి కొత్తది పూశాడు. పరీక్ష కోసం ఫ్యాను ఆపి, ప్రాసెసర్ వేగం ఒక మెట్టు పెంచాడు. వేలు పెట్టాడు.

ఒకటి, రెండు, మూడు... పది. వేడి లేదు.

ఇంకో మెట్టు పెంచాడు. తెర ఎనభై ఒక్క డిగ్రీలు అంటోంది. వేలు పెట్టాడు. పది లెక్కపెట్టాడు. వేడి లేదు.

వేగం పెరిగితే వేడి పెరగాలి. పరిగెత్తేవాడి ఒళ్ళు కాలాలి. ఇది పరిగెత్తుతోంది, ఒళ్ళు మాత్రం కాలడం లేదు. చిన్నప్పుడు తాత శవానికి స్నానం చేయిస్తుంటే ఆ చెయ్యి ముట్టుకున్నాడు. అప్పుడూ ఇంతే. అటువైపు ఎవరూ లేనట్టు.

"ఏమైంది? మొహం అలా పాలిపోయిందేం?"

"వేడి లేదు హజియా. తెరే పిచ్చి అంకెలు చూపిస్తోంది."

"అయితే పూర్తి వేగంలో పెట్టు. చూద్దాం. కాలిపోయిందో, కొత్తది నువ్వే కొనాలి."

పెట్టాడు. తొంభై నాలుగు. మరొకరెవరైనా ఈపాటికి స్విచ్ కట్టేసేవారు. గంబో కట్టలేదు. వేలిని నమ్మకపోతే ఇంక అతని దగ్గర ఏముంది? దిమ్మె అడుగుకంటా వేలు దూర్చి అదిమిపెట్టాడు. పది. పదిహేను. ఇరవై. దయ్యం పట్టిన యంత్రం ఉలకలేదు.

"చూశారా?" అన్నాడు.

టీ గ్లాసు తెచ్చిన అసబే నవ్వబోయి ఆగిపోయింది. గ్లాసు ఆమె చేతిలోంచి జారి నేల మీద పగిలింది.

"మాలం... నీ వేలు..."

పొద్దున చెప్పు లేని కాలిని చూసుకున్నట్టే గంబో వేలిని చూసుకున్నాడు: కొస తెల్లగా ఉడికి, బొబ్బలు లేచి, పగిలి, చర్మం దిమ్మెకు అంటుకుపోయి ఉంది, నొప్పి మాత్రం ఎక్కడా లేదు.