కొత్త చెప్పులావిడ

బస్సు దిగి లాడ్జి వైపు నడుస్తుంటే టైలరమ్మకి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆగింది. ఆ చప్పుడూ ఆగింది.

నడిచింది. అదీ నడిచింది.

తిరిగి చూస్తే తన ఈడు ఆడమనిషే. చేతిలో కొత్త సంచీ, కాళ్ళకి కొత్త చెప్పులు. టైలరమ్మ చూపు పడగానే ఆవిడ చటుక్కున తల తిప్పుకుని పక్కనున్న కొట్టులోకి చూడసాగింది. ఆ కొట్టేమో మూసి ఉంది.

టైలరమ్మ అడుగుల వేగం పెంచింది.

అసలు ఈ ప్రయాణం చెల్లెలితో కలిసి చేద్దామనుకున్నది. ఏళ్ళ తరబడి మిషను ముందు వంగి కూర్చుని ఊళ్ళోవాళ్ళందరి బట్టలూ కుట్టిన మనిషి, ఒక్కసారి ఈ కొండల ఊరు చూసి, సరస్సులో పడవెక్కాలని ముచ్చటపడింది. తీరా బయల్దేరే ముందు చెల్లెలు మోకాళ్ళ నొప్పులని మానేసింది. ఒక్కదానివీ వద్దన్నాడు అన్నయ్య. వద్దన్నాడనే పంతంకొద్దీ బయల్దేరింది. బస్సు కదులుతుంటే అన్నయ్య కిటికీ దగ్గరికొచ్చి ఒకే మాట చెప్పాడు.

"కొత్తచోట ఎవర్నీ నమ్మకు. నవ్వుతూ మాట్లాడేవాళ్ళని అసలు నమ్మకు."

ఈవిడ నవ్వనూ లేదు, మాట్లాడనూ లేదు. టైలరమ్మకి అది మరీ అనుమానంగా తోచింది.

కొత్త చెప్పులావిడ కూడా అదే లాడ్జిలో దిగింది. అదీ పక్క గదిలోనే.

పొద్దున టైలరమ్మ కాఫీకి వెళితే ఎదురు బల్ల దగ్గర ఆవిడ. ఏం కావాలని సర్వరు అడిగితే, టైలరమ్మ వైపు చూపించి, తనకీ అదే తెమ్మంది. పూలతోటకి వెళితే అవతలి బెంచీ మీద ఆవిడ. బజారులో టైలరమ్మ ఆగిన చోటల్లా ఆవిడా ఆగింది. దుకాణంలో గాజులు చూస్తున్నట్టే ఉంది కానీ, కళ్ళు మాత్రం టైలరమ్మ మీదే.

దొంగల్లో ఆడవాళ్ళే గట్టివాళ్ళని వదిన చెప్పిన కబుర్లన్నీ టైలరమ్మకి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సంచీని చంకలో ఇరికించుకుంది. భయం బయటపడితే అలుసైపోతామని, తల పైకెత్తి, చేతులూపుకుంటూ, ఆ ఊరు తనదే అన్నట్టు గబగబా నడిచింది. కొత్త చెప్పులు కరిచాయేమో, ఆవిడ కుంటుతూనే వెంట వచ్చింది.

లాడ్జికి తిరిగొచ్చాక టైలరమ్మ యజమానురాలిని ఆరా తీసింది. తాడు మీద దుప్పట్లు ఆరేస్తున్న ఆమె, ఆవిడ కూడా మీలాగే ఒక్కరే వచ్చారని చెప్పింది. 'మీలాగే' అన్న మాటకి టైలరమ్మకి ఒళ్ళు మండింది.

మర్నాడు సరస్సు దగ్గర పడవెక్కి కూర్చుందో లేదో, కొత్త చెప్పులావిడ వచ్చి పడవలో ఒక కాలు పెట్టింది.

టైలరమ్మ లేచి నిలబడింది.

"ఈవిడ ఎక్కితే నేను దిగిపోతాను," అంది పడవవాడితో.

"ఏమైందమ్మా?"

"ఊళ్ళో అడుగుపెట్టినప్పట్నుంచీ నా వెంటే తిరుగుతోంది. ఏం కాజేద్దామనో."

పడవలో వాళ్ళంతా ఆవిడ వైపు చూశారు. ఒకాయన జేబు తడుముకున్నాడు.

ఆవిడ మొహం పాలిపోయింది. పడవలో పెట్టిన కాలు మెల్లిగా వెనక్కి తీసుకుంది.

పడవ కదిలింది.

ఒడ్డు దూరమయ్యేకొద్దీ టైలరమ్మ భుజాలు వాటంతటవే తేలికపడ్డాయి. చల్లగాలి మొహానికి తగులుతుంటే చేయి నీళ్ళలో పెట్టి ఆడించింది. చాలా, ఇక వెళదామా అని పక్కన తొందరపెట్టేవాళ్ళు లేరు. ఎవరికి ఆకలేస్తోందో, ఎవరికి విసుగ్గా ఉందో కనుక్కోనక్కర్లేదు. చిన్నప్పటి పాటేదో నోట్లో ఆడుతోందని కాసేపటికి గానీ గమనించలేదు. తనతో తనకి ఇంత బాగా పొద్దుపోతుందని ఇన్నేళ్ళూ తెలియనే లేదు. దిగాక కూడా చాలాసేపు ఒడ్డునే కూర్చుంది, వెనక్కి తిరిగి చూసుకోకుండా.

సాయంత్రం లాడ్జికి వచ్చేసరికి పక్క గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల యజమానురాలు దిండు గలీబులు మారుస్తోంది.

"ఖాళీ చేసేసిందా?"

"మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయారండీ. వారం ఉంటానన్నారు. ఉన్నట్టుండి ఏమైందో, అడిగితే కళ్ళు తుడుచుకున్నారు."

"పోలీసులకి చెప్పలేదు, సంతోషించమను," అని పడవ దగ్గర జరిగిందంతా చెప్పింది టైలరమ్మ.

యజమానురాలి చేతిలో దిండు అలాగే ఉండిపోయింది. మంచం అంచున కూర్చుంది.

"మంచాన పడ్డ భర్తకి ఏళ్ళ తరబడి సేవ చేసిన మనిషండీ ఆవిడ. ఆయన పోయాక, తనకంటూ ఏదైనా చూడాలనిపించి వచ్చారట. వీధి చివరికైనా ఒంటరిగా వెళ్ళి ఎరగరట. ఇక్కడ బస్సు దిగగానే కాళ్ళూ చేతులూ వణికి, తిరుగు బస్సు ఎక్కేద్దామనుకున్నారట."

టైలరమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"మరి ఎక్కలేదేం?" అంది మెల్లిగా.

"అప్పుడు మీరు కనిపించారటండీ. 'నా ఈడావిడే, పక్కన తోడెవరూ లేరు, అయినా ఎంత ధీమాగా నడుస్తోందో, ఆవిడ వెనకే కాస్త దూరం నడిస్తే నాకూ ధైర్యం వస్తుందనుకున్నాను' అన్నారు, వెళ్ళేటప్పుడు."