ఆగ్నేయం ఎటు?

నీలవేణి అట్టు తిరగేస్తుండగా మామగారు సన్యాసప్పడు దిక్సూచి పట్టుకుని వచ్చాడు.

“ఆగ్నేయం మళ్ళీ జరిగిపోనాదమ్మా. పొయ్యి మార్చాల.”

తీరం వెంట పారే పెద్ద సముద్ర ప్రవాహం పోయిన వారం మెలిక తిరిగింది. ఆ మెలిక తెగి, వెచ్చని నీటి సుడిగా విడిపోయింది. అందులో చిక్కిన వీళ్ళ తేలే ఇల్లు అప్పటినుంచీ నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. వాస్తు తప్పకూడదని మామగారు పొయ్యిని మూలమూలకూ తిప్పిస్తున్నాడు. నిన్న పప్పు స్నానాలగదిలో ఉడికింది.

“ఒక్క వారమైనా ఒక్కచోట వండనివ్వండి మావయ్యా.”

“ఇంటికి మంచిది కాదమ్మా.”

“సరే, ఇప్పుడెక్కడికొచ్చినాది?”

ముసలాయన దిక్సూచిని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్ళు నమిలి, తన మంచం చూపించాడు.

నీలవేణి మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, అక్కడ పొయ్యి దించి, ఇంకో అట్టు వేసింది.

సన్యాసప్పడు దిండు చంకన పెట్టుకుని బయటి పడవలోకి దిగిపోయాడు.