ముసలాడి వాటా

"ముసలాడికి ఈ నెలది కూడా ఇచ్చేశాను వదినా. మా ఆయనకి తెలిస్తే ఊరుకోడు."

ఫోన్‌లో భార్య గుసగుస విని, సెలూన్ మూసి వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. ఊళ్లోవాళ్ల గుట్లన్నీ అతని కుర్చీలోనే రట్టయ్యేవి. సొంతింటి గుట్టు మాత్రం ఇన్నాళ్లూ చెవిన పడలేదు.

ఆవిడ ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది.

"ఎవడా ముసలాడు?"

"ఏ ముసలాడండీ?"

"నాకేం చెవుడు రాలేదు. నెలనెలా నా కష్టం ఎవడి నోట్లో పోస్తున్నావు? మీ నాన్నకా?"

"ఆయన పోయి పదేళ్లయింది."

"అందుకే అడుగుతున్నా. మరెవడు?"

ఆవిడ "మీరే" అంది.

"కథలు చెప్పకు."

"అరవై దాటాక వచ్చే మీరు. అప్పుడు చెయ్యి వణికితే మీ కత్తి కింద గడ్డం పెట్టేదెవరు? మనదేమన్నా పింఛనొచ్చే ఉద్యోగమా? అందుకే మీ పేర పింఛను పథకంలో కడుతున్నా. మీతో చెబితే 'అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే' అని ఆ డబ్బుతో షాపుకి కొత్త కుర్చీ కొనేస్తారు."

పొద్దున ఒకాయన చెంప మీద కత్తి గాటు పడిన సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. మెల్లగా కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"మరి ముసలమ్మకి?" అన్నాడు చివరికి.

"ఏ ముసలమ్మండీ?"

ఈసారి ఆవిడ నిజంగానే తెలియక అడిగింది.