రంగు వెలిసిపోకుండా

అమ్మకు ఆ ఎర్రజుట్టు పిచ్చి ఎందుకో కూతురు టైలరమ్మకు ముప్పై ఏళ్ళుగా అంతుపట్టలేదు.

మిగతా అన్నిటిలోనూ అమ్మ సాదా మనిషి. రెండు పూటలా దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే ముద్ద ముట్టదు. ఒంటిమీద పూసంత బంగారం ఉండదు. జుట్టు మాత్రం దానిమ్మగింజ రంగు!

ఆరేళ్ళప్పుడు టైలరమ్మ సంతలో తప్పిపోయి, పొద్దుగూకేవేళకు దొరికింది. ఆ మరుసటి వారమే అమ్మ మొదటిసారి సెలూన్ మెట్లెక్కింది. "బిడ్డ దొరికిన సంతోషంలో దీనికి మతి పోయింది" అని అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది.

అప్పటినుంచీ ఆరు వారాలకోసారి సెలూన్. మధ్యలో ఆ రంగును అమ్మ పసిబిడ్డలా సాకేది. తలకు చన్నీళ్ళే. షాంపూ వారానికి రెండుసార్లు, అదీ నురగ తక్కువది. ఎండలోకి వెళ్తే గొడుగు. కాస్త వెలిసినట్టు అనిపిస్తే చాలు, కండిషనర్‌లో చెంచాడు రంగు కలిపి పట్టించుకుని, పది నిమిషాలు గడియారం చూస్తూ కూర్చునేది.

ఈ పొద్దున కూడా అదే పని.

"తొమ్మిదింటికి ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడు రంగేమిటమ్మా!" టైలరమ్మకు ఏడుపొకటే తక్కువ. అమ్మ కడుపులో గడ్డ. తెరిచి చూస్తేగానీ ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు.

"సెలూన్‌కి పోయి నాలుగు వారాలైంది. ఇటుకరంగులోకి దిగిపోయింది, చూడు. ఆ వేడినీళ్ళు కలపకు, పట్టించిన రంగంతా కారిపోతుంది."

"అక్కడ నీ జుట్టు ఎవరు చూస్తారు?"

"చూడాల్సినవాళ్ళు చూస్తారు."

"దేవుడు నవ్వుతాడు."

"పువ్వులకు రంగులేసినవాడు, నాకేసుకుంటే నవ్వుతాడా?" అంటూ అమ్మ తలమీద చన్నీళ్ళు గుమ్మరించుకుంది.

ఆసుపత్రిలో నర్సు ఆకుపచ్చ గౌను, ఆకుపచ్చ టోపీ తెచ్చింది. అమ్మ జడను చుట్టచుట్టి టోపీలోకి తోసింది.

"టోపీ తప్పదా అమ్మా?" అని నర్సును అడిగింది అమ్మ.

"తప్పదు పెద్దమ్మా. ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకూడదు."

ఎన్ని చెప్పినా బెదరని మనిషి, ఆ మాటకు బెదిరింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీ టాన్సిల్స్ తీసినప్పుడు నువ్వు కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేనున్నా. గుర్తుందా?"

ఎందుకు గుర్తులేదు? మత్తు వదిలి కళ్ళు తెరవగానే మొట్టమొదట కనబడింది ఆ ఎర్రజుట్టే.

"ఆ బాకీ ఇవాళ తీర్చు. నేను కళ్ళు తెరిచేసరికి నువ్వు నా ముందుండాలి."

"ఉంటానమ్మా."

"కనబడకపోతే కంగారుపడి పరుగెత్తకు. ఉన్నచోటే నిలబడు. నేనే పిలుస్తా."

చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆ టోపీలో అమ్మ ఎవరో పరాయి మనిషిలా ఉంది. టైలరమ్మ చూడలేక తల తిప్పేసుకుంది. మంచాన్ని లోపలికి తోసుకుపోయారు.

బయట బల్లమీద గంట గడిచింది. ఎవరో వచ్చి పక్కన కూర్చుంటే టైలరమ్మ ఒదిగి అవతలికి జరిగింది.

"ఏమే, నేనే!" అన్నాడు భర్త.

"కంగారులో చూడలేదండీ. కొత్త చొక్కా కదా."

"కంగారు లేనప్పుడు మాత్రం చూస్తావా? పోయిన నెల మీసం తీయించుకొస్తే తలుపు తియ్యలేదు!" నవ్వించాలని చూశాడు. ఆమెకు నవ్వు రాలేదు. భుజాల వాలు చూసి చొక్కా ఏ గిరాకీదో చెప్పేస్తుంది గానీ, వీధిలో రోజూ చూసే ముఖాన్నైనా పలకరించదనీ, పొగరనీ ఎప్పుడూ ఉన్న మాటే.

పదకొండున్నరకు డాక్టరు బయటికొచ్చాడు. "గడ్డ తీసేశాం. భయపడాల్సిందేం కాదు. మెలకువ వచ్చేవేళైంది, వెళ్ళండి. గొంతులో గొట్టం వేశాం కదా, ఇవాళ మాట పెగలదు."

టైలరమ్మ పరుగున వెళ్ళింది.

గదిలో ఆరు మంచాలు. ఆరు తెల్లదుప్పట్లు. ఆరు ఆకుపచ్చ టోపీలు.

మొదటి మంచం చూసింది. రెండోది చూసింది. మూడో మంచం దగ్గర నిలబడేసరికి అక్కడి పెద్దావిడ అప్పుడే కళ్ళు తెరిచి, ఆమెను చూసి నీరసంగా నవ్వింది. టైలరమ్మ మర్యాదకు తనూ నవ్వి ముందుకు కదిలింది. నాలుగు, ఐదు, ఆరు.

నర్సు వైపు పరుగెత్తింది.

"సిస్టర్, మా అమ్మ లేదిక్కడ!"

"లేకపోవడమేమిటమ్మా? ఇందాకేగా తెచ్చాం."

"లేదంటున్నానుగా! ఏమైంది మా అమ్మకి? నిజం చెప్పండి, ఎక్కడ పెట్టారు?" ఆమె గొంతు గదంతా మారుమోగింది. నర్సు ఆమెను వింతగా చూసింది.

వెనక మంచం కిర్రుమంది. టైలరమ్మ తిరిగి చూసింది. మూడో మంచం పెద్దావిడ, సూది గుచ్చిన చేతిని మెల్లగా పైకెత్తి, తన టోపీ పట్టుకు లాగుతోంది.

ఆ టోపీలోంచి దానిమ్మగింజ రంగు జడ జారి తెల్లదుప్పటి మీద పడ్డాకగానీ టైలరమ్మకు తెలియలేదు, ఆ రంగు తనకోసమేననీ, తన టాన్సిల్స్ బాకీ ఇందాకే తీరిపోయిందనీ.