గంగమ్మ వాటా

ఠంగ్... ఠంగ్... ఠంగ్...

వెలుగు రాకముందే సుత్తుల మోత హోప్ టౌన్ రేవును తాకింది.

పాత ఓడల తుప్పూ రంగూ రాల్చే యార్డు అది. రాలినదంతా సముద్రంలోకే.

కాళమ్మ గంప దించింది. చాలా చేపల ఒంటినిండా పుళ్ళు. అవతలి పోర్ట్ బ్లెయిర్ బజారులో వాటిని ముట్టుకునేవారు లేరు. ఆమె పొయ్యి వెలగాలంటే ఆ గంపే దిక్కు.

ఆ పుళ్ళ చేపలనే ఏరి మంచుపెట్టెలో సర్దుతోంది ఒక కొత్త మనిషి. నెత్తిన యార్డు టోపీ.

"ఓ టోపీ దీదీ! మంచియి ఒగ్గేసి పుళ్ళయి ఏరతన్నావేటి? కూరొండుకుంతావా?"

"పరీక్షకమ్మా. ఓడల రంగులోని సీసం ఒంట్లో చేరితే చేపకు రోగాన్ని ఎదిరించే శక్తి పోతుంది. చిన్న గీత పడినా పుండైపోతుంది..."

"యార్డోలికి మా సేప మీద బెంగా! సాచ్చికం మాయం సెయ్యడానికొచ్చావు!"

ఆమె బదులిచ్చేలోగా కాళమ్మ మంచుపెట్టెను నీళ్ళలో బోర్లించింది.

వేటలో తొలి చేపను సముద్రానికి తిరిగి ఇవ్వడం ఆ రేవు ఆచారం.

"ఇది గంగమ్మ వాటా!" అని అరిచింది. రేవులో చేపలమ్మే ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు.

కొత్త మనిషి ఖాళీ పెట్టె అందుకుని ఫెర్రీ ఎక్కింది.

కొన్నాళ్ళకు విచారణకని ఒక అధికారి వచ్చి, రేవులోనే బల్ల వేయించి ఊరివాళ్ళను కూర్చోబెట్టాడు. పక్కనే యార్డు మేనేజరు పోలిరాజు.

"చేపలకు జబ్బులని ఫోనులో ఒకామె ఫిర్యాదు చేసింది. సాంపుల్ మాత్రం అందలేదు. మంచుపెట్టె తన చేతిలోంచే జారిపోయిందట," అన్నాడు అధికారి.

కాళమ్మ చటుక్కున తలెత్తింది.

"ఊరూ పేరూ లేనివాళ్ళ మాట, సాబ్. మూసేయండి," అన్నాడు పోలిరాజు.

కాళమ్మ లేచింది. గంప తెచ్చి బల్ల మీద దబ్బున దించింది.

"జారలేదు సాబ్. నానే పారబోసినాను. ఇదిగో, మల్లీ తెచ్చినాను. పట్టుకెల్లండి!"

"ఎవరు ఇచ్చారని రాయను? నీ పేరేమిటి?"

"నా పేరొద్దు. ఆ దీదీ పేరు రాయండి."

పోలిరాజు వైపు తిరిగింది.

"నీ యార్డు టోపీ ఎట్టుకుంది. పేరు నేదా? సెప్పు!"

"నాకేం తెలుసు?"

"సెప్పు!"

ఈసారి ఆడవాళ్ళంతా లేచారు. గొంతులన్నీ ఒక్కటయ్యాయి. ఆ కేకకు యార్డులో సుత్తులు ఆగిపోయాయి.

పోలిరాజు తల వాలిపోయింది.

"మా కెమిస్టే. ఫోను చేసిందని తీసేశాం. నిన్నటి షిప్‌లో మెయిన్‌లాండ్‌కు వెళ్ళిపోయింది. పేరు... లక్ష్మీకుమారి."